ఎడమామెకు మూడు విజిళ్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆరోగ్యకరమైన చిరుతిళ్ల పేజీలో ఎడమామె, అంటే ముదరకముందే కోసిన సోయా కాయ, కనిపించగానే చాలా సంతోషం వేసింది. నేను జపాన్‌లోని నిగతాలో ఉంటాను. వేసవి వస్తే ఇక్కడ ప్రతి ఇంట్లో జల్లెడబుట్ట నిండా ఇవే. కానీ మీరు అచ్చు వేసిన వంట విధానం మాత్రం నాకు బాధ కలిగించింది. గింజలు ఒలిచి, కుక్కర్‌లో మూడు విజిళ్లు రానిచ్చి, మయోనైజ్, చిల్లీసాస్ కలపమన్నారు. ఇది లేత కాయ. మూడు విజిళ్లకు గింజ మెత్తబడి, రంగు, తీపి రెండూ పోతాయి. పైన మయోనైజ్ వేశాక ఇక ఆరోగ్యం మాటెక్కడ?

మా పక్కింటి పెద్దావిడ ముందు పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఆ తర్వాత తోటలోకి వెళ్లి కాయలు కోస్తారు. కోసిన దగ్గర్నుంచీ కాయలో తీపి తగ్గిపోతూనే ఉంటుంది మరి. పావు కిలో కాయలకు లీటరు నీళ్లు, 40 గ్రాముల ఉప్పు. ముందు కాయ రెండు కొసలూ కత్తెరతో కొంచెం కత్తిరించాలి, ఉప్పు లోపలికి దిగేది అక్కడి నుంచే. ఆ ఉప్పులోనే కాస్త తీసి కాయలకు పట్టించి అరచేతులతో బాగా రుద్దితే పైనున్న నూగు పోతుంది. మిగతా ఉప్పు నీళ్లలో వేసి, నీళ్లు తెర్లుతున్నప్పుడు కాయలు వేయాలి. మూత పెట్టకూడదు. మూడు నిమిషాలకు ఒక గింజ కొరికి చూడండి, ఐదు దాటనివ్వకండి. వెంటనే వార్చి, విసనకర్రతో విసిరి ఆరబెట్టాలి. చన్నీళ్లు పోస్తే నీరుపట్టి చప్పబడతాయి.

తినేది గింజ మాత్రమే. కాయను పెదాల దగ్గర పెట్టుకుని నొక్కితే గింజ నోట్లోకి వస్తుంది, తొక్క మీది ఉప్పు నాలుకకు తగులుతుంది. తెలంగాణ పల్లెల్లో ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు తిన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు బాగా తగ్గించి ఉడికించి, గింజలు గిన్నెలోకి ఒలుచుకుని తినడం మంచిది.

కారం కావాలనుకుంటే ఉడికిన కాయలనే చెంచాడు నువ్వుల నూనెలో, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చితో ఒక్క నిమిషం తిప్పండి. గింజలు ఒలిస్తే మన గుగ్గిళ్ల తాలింపు చక్కగా నప్పుతుంది: ఆవాలు, కరివేపాకు, ఇంగువ, స్టవ్ కట్టేశాక నిమ్మరసం. ఫ్రీజర్ ప్యాకెట్లలో వచ్చేవి చాలావరకు ముందే ఒకసారి ఉడికినవి. వాటిని వేడి చేస్తే చాలు. ప్యాకెట్ మీద ఉప్పు వేసినట్టు ఉంటే మళ్లీ వేయకండి.

నిజామాబాద్‌లో ఉండే మా చెల్లెలు మీ పేజీ చూసి, ఎండు సోయా గింజలు నానబెట్టి ఇలా చేయొచ్చా అని అడిగింది. కుదరదు. వాటికి రాత్రంతా నానడం, కుక్కర్ రెండూ కావాలి, వచ్చే రుచి కూడా వేరు. పచ్చివైనా ఎండువైనా సోయాను ఉడికించకుండా మాత్రం తినకూడదు.

ఉడికిన గింజలు 100 గ్రాముల్లో సుమారు 11 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల పీచు ఉంటాయి. సోయా అలర్జీ ఉన్నవాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ను అడగాలి. మీ పేజీలో ఈ రెండు ముక్కలూ లేవు.

ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ జిల్లాల్లో సోయా వేసే రైతులు మీ పత్రిక చదువుతారు. అక్కడ వేసేవి ఎక్కువగా నూనె, గింజ కోసం పండించే రకాలు. కూరగాయగా తినే రకాలు వేరు. ఆ రకాలు మన నేలల్లో ఎలా పండుతాయో, కాయ పచ్చిగా కోసేటప్పటికి పురుగుమందు కొట్టి ఎన్నాళ్లయి ఉండాలో శాస్త్రవేత్తలను అడిగి మీ వ్యవసాయ పేజీలో రాయించండి. వంట విధానానికి సవరణ కూడా వచ్చే ఆదివారమే వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నిగతా, జపాన్