గుండె నాళాలు బాగానే ఉన్నాయట, మంత్రి గారూ!

వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడింటికీ రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. మూడు సోమవారాలు ప్రజావాణి లైన్లో నిలబడి ఇచ్చాను. మూడోసారి అర్జీ తీసుకున్న సారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆపరేషన్ కాలేదు, స్టెంట్ పడలేదు, మరి నీ జబ్బేంటమ్మా?" అన్నారు. వెనక లైను తోస్తోంది, చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇప్పుడు అందరి ముందూ మీకే చెబుతున్నాను.

నాకు 57 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మహిళా సంఘం లెక్కల పుస్తకాలు 14 ఏళ్లు రాశాను. పోయిన ఏడాది మా ఇంటాయన పోయాడు. పదకొండో రోజు చుట్టాలంతా పందిరి కింద విస్తళ్ల ముందు కూర్చున్నాక అప్పిచ్చినాయన వచ్చాడు. ఎండిపోయిన మూడు బోర్ల తాలూకు అప్పు అది. జేబులోంచి ప్రామిసరీ నోటు తీసి అందరూ చూసేలా విప్పాడు. నా చేతిలో పప్పు గరిటె ఉంది. అది ఉన్నట్టుండి బరువెక్కింది. గుండెల మీద రోలు పెట్టినట్టయింది. చెమటలు పట్టాయి, ఊపిరి అందలేదు. ఆ గరిటెడు పప్పు విస్తట్లో పోశానో, నేల మీద పోశానో ఇప్పటికీ గుర్తు లేదు.

మా యారాలు సోడాలో నిమ్మకాయ పిండి తాగించింది. "పది దినాల సంది తిండి లేదు గద, గ్యాస్ పట్టింది" అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ సూది వేశాడు. పొద్దుగూకాక 108 ఎక్కించారు. మొదట చేరిన ఆసుపత్రిలో (పేరు ఇక్కడ రాయను, అర్జీలో ఉంది) ఈసీజీ చూసి గుండెపోటన్నారు. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడ యాంజియోగ్రామ్ చేసి నాళాల్లో ఎక్కడా అడ్డు లేదన్నారు. మావాళ్లు అక్కడికక్కడే దేవుడికి దండం పెట్టుకున్నారు. నా కష్టం మాత్రం అక్కడే మొదలైంది సార్.

ఎకో (గుండె స్కానింగ్) తీసిన చిన్న డాక్టరమ్మ చీటీ వెనక గీసి చూపించింది. గుండె కింది భాగం బుడ్డలా ఉబ్బిపోయి కదలడం లేదు, పైన మెడ మాత్రం సన్నగా ఉంది. దీన్ని టకోట్సుబో అంటారట. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది, ఉబ్బిన గుండె ఆ కుండలా కనబడుతుందని 1990లో అక్కడి డాక్టర్లే ఈ జబ్బుకు పెట్టారట. తట్టుకోలేని దుఃఖమో, భయమో, అవమానమో మీద పడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటివి ఒక్కసారిగా పొంగి గుండె కండరాన్ని మొద్దుబారుస్తాయట. ఈ జబ్బు వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆడవాళ్లే, అందులోనూ ముట్లుడిగినవాళ్లే ఎక్కువ. చాలామందికి కొన్ని వారాల్లో గుండె కోలుకుంటుంది. కొందరు మొదటి రోజుల్లోనే ఆసుపత్రిలో పోతారు. కొందరికి మళ్లీ వస్తుంది. నా గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. ఇదండీ ఆ సారు అడిగిన జబ్బు.

డిశ్చార్జి రోజు కౌంటర్లో అబ్బాయి, "స్టెంట్ వేస్తే ఆరోగ్యశ్రీ కార్డు మీద అయిపోయేదమ్మా, మీకు ఏమీ వేయలేదు కదా" అన్నాడు. వేయలేదన్న దానికి బిల్లు 1,38,000 రూపాయలు. నా పుస్తెల గొలుసు కుదువలోకి పోయింది, ఆయన పోయాక దాంతో పనేముందని మా ఆడబిడ్డ అన్న మాట వేరే సంగతి. ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచామని 2023 డిసెంబరులో చెబితే సంఘంలో అందరికీ నేనే చదివి వినిపించాను. మా గుండెలు పగిలినా ప్యాకేజీలో పట్టేట్టు పగలాలన్న సంగతి అందులో కనబడలేదు. ఆ మాట మీ రూల్లో ఉందా, ఆ అబ్బాయి నోట్లోనే పుట్టిందా, మీరే చెప్పాలి.

ఇంట్లో ఇంకో తీరు. "నాళాలన్నీ మంచిగనే ఉన్నయన్నరు గద అత్తమ్మా" అని కోడలు నీళ్ల బిందె చేతికిస్తుంది. ఎకో మామూలుకొచ్చి ఎనిమిది నెలలైనా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి ఎవరైనా తలుపు కొడితే దడ. అప్పాయన బండి చప్పుడు వింటే ఇంకా చెప్పక్కర్లేదు. చెకప్‌కి పోయినప్పుడు బల్ల మీద నా పక్కన కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. చేతికొచ్చిన కొడుకు పోయాడు, ఆమెకూ ఇదే జబ్బు. కానీ మొదటి రెండు నెలలు "మనసు జబ్బు" అని తాయెత్తు కట్టించారు. ఆమె కొంగు ముడి విప్పి ఆ తాయెత్తు చూపిస్తే ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే కూడా నాకు ఆయాసమే.

టెన్షన్ పడొద్దు అని చీటీ మీద రాసిచ్చారు సార్. ఆ మందు మీ ఏ ఆసుపత్రిలో ఇస్తారు? బస్సు ఉచితమే, అందుకు దండం. కానీ ఆ ఎకో కోసం హైదరాబాద్ దాకా నిలబడి పోవాలి. అదేదో మా దగ్గరే వారానికి ఒక రోజైనా తీయించండి. ఆశమ్మలు బీపీ, షుగర్ చూడటానికి ఇంటికే వస్తున్నారు. చావు జరిగిన ఇంట్లో ఆడమనిషి గుండె పట్టుకుంటే గ్యాస్ అని వదిలేయొద్దని, ముందు ఈసీజీ తీయించమని వాళ్లకు ఒక్క ముక్క చెప్పండి. నా బిల్లు సంగతీ చూడండి. అన్నిటికన్నా ముందు జవాబు రాయండి, లేదు అనైనా రాయండి.

ఎకో రిపోర్టు జిరాక్స్ మళ్లీ జత చేస్తున్నాను. ఇది నాలుగోది. ముందిచ్చిన మూడూ ఏ బీరువాలో ఉన్నాయో చెబితే వచ్చే సోమవారానికి నాకు జిరాక్స్ ఖర్చైనా మిగులుతుంది.

ఇట్లు,
దేవరకొండ దగ్గరి పల్లె నుంచి
ఒక మహిళా సంఘం సభ్యురాలు