వరండా రెయిలింగులు: ఆదివారం మీటింగు

సాగర్‌నగర్ కొత్త ఇళ్ళవాళ్ళందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకి కార్నర్ ఇంటి వరండాలో కలుద్దాం. రెయిలింగులు చేసే ఫాబ్రికేటర్ శాంపిల్ ముక్కలు తెస్తున్నాడు. అందరం కలిసి ఆర్డరిస్తే రేటు తగ్గిస్తానన్నాడు.

శుక్రవారం రాత్రిలోగా మీ వరండా, బాల్కనీ అంచుల పొడవు అడుగుల్లో ఇక్కడే పెట్టండి. మెట్ల కొలత విడిగా రాయండి.

ఇక మెటీరియల్. మనకి సముద్రం ఎదురుగానే ఉంది, ఉప్పుగాలి దేన్నీ వదలదు. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్)లో 304 రకానికి కొన్నాళ్ళకే గోధుమరంగు మచ్చలు పడతాయి. 316 రకంలో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుని బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువే, అయినా నా ఓటు దానికే. అయస్కాంతం పెట్టి చూస్తే రెండింటికీ తేడా తెలీదండోయ్, టెస్ట్ సర్టిఫికెట్ అడగాల్సిందే. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) కావాలంటే ముందు హాట్‌డిప్ గాల్వనైజింగ్ (కరిగించిన జింకులో ముంచడం), ఆ తర్వాతే పౌడర్ కోటింగ్ (పొడిరంగు చల్లి వేడితో అతికించడం). ఉత్త పెయింటు వద్దు.

గాజు అందంగానే ఉంటుంది. కానీ 2014లో హుద్‌హుద్ తుఫాను గాలికి అద్దాలు ఏమయ్యాయో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తప్పదంటే టఫెన్డ్ లామినేటెడ్ (పగిలినా ముక్కలు ఊడిపడకుండా మధ్యలో పొర ఉన్న గట్టి గాజు) మాత్రమే.

ఎత్తు మీటరుకి తగ్గకూడదు. కడ్డీల మధ్య సందు నాలుగంగుళాలు దాటకూడదు. చిన్నపిల్లలున్న ఇళ్ళలో అడ్డకడ్డీలు వద్దు, నిచ్చెనలా ఎక్కేస్తారు.

గుర్తుంచుకోండి: కొటేషన్ రాతపూర్వకంగా వచ్చేదాకా ఎవరూ అడ్వాన్సు ఇవ్వొద్దు. రాలేనివాళ్ళు ఇంట్లో ఒకర్ని పంపండి. కుర్చీలు తక్కువున్నాయి, వీలైతే ఒకటి పట్టుకురండి.