కడుపులో బిడ్డకూ పొగే

సంపాదకులకు నమస్కారం.

గర్భిణికి జాగ్రత్తలు చెప్పడంలో ఎవరూ వెనక్కి తగ్గరు. ఏం తినాలి, ఎటు తిరిగి పడుకోవాలి, ఎంత బరువెత్తాలి, అన్నీ చెబుతారు. పీల్చే గాలి మాట మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

కడుపులో బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందించే మాయ (ప్లాసెంటా) అన్నీ వడగడుతుందని చాలాకాలం ధీమాగా ఉన్నాం. 2019లో బెల్జియం పరిశోధకులు మాయలో బిడ్డవైపు భాగంలోనే మసి రేణువులను గుర్తించారు. 2022లో వచ్చిన మరో అధ్యయనం గర్భస్థ పిండాల కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులోనూ వాటిని చూపింది. తొలి శ్వాసకు ముందే పొగ చేరుతోందన్నమాట! తక్కువ బరువుతో పుట్టడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం, తర్వాత ఆస్తమా వంటి వాటికి దీనితో సంబంధం కనబడుతోంది. తెలివితేటల మీద ప్రభావం ఎంతో తేల్చడం కష్టం. పేదరికం, పోషకాహార లోపం కూడా అందులో కలిసిపోయి ఉంటాయి.

అయితే పొగ తగ్గితే మేలు జరుగుతుందని చూపిన ఉదాహరణ ఉంది. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో టోల్‌గేట్ల దగ్గర వాహనాలు ఆగి డబ్బు కట్టే పని తప్పాక, 2 కిలోమీటర్ల లోపు ఉన్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు దాదాపు 11 శాతం తగ్గాయి. ఆ తల్లులు తమంతట తాము చేసిందేమీ లేదు. అందుకే ‘మాస్క్ పెట్టుకో, బయటికి వెళ్లకు’ అని గర్భిణికే టెన్షన్ పెట్టడం నాకు నచ్చదు.

గాలిలో ఉండే అతి సన్నని ధూళి, మసి రేణువులను పీఎం 2.5 అంటారు. వాటి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మీ పత్రికలో ఉష్ణోగ్రతల పక్కనే మన గాలిలోని పీఎం 2.5 ఎంతో రోజూ వేయగలరా?

– ఒక పాఠకురాలు