మెండెల్ పాఠం పక్కన వావిలోవ్ కథ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నియంతృత్వంలో ఆలోచనా స్వేచ్ఛ అనగానే మనకు కవులు, పత్రికలు గుర్తొస్తాయి. ఆ నిర్బంధం గోధుమ చేను దాకా ఎలా పాకుతుందో స్టాలిన్ కాలపు సోవియట్ యూనియన్ చూపించింది. ప్రపంచమంతా తిరిగి రెండు లక్షలకు పైగా విత్తన నమూనాలను లెనిన్‌గ్రాడ్‌కు చేర్చిన వృక్ష శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్, పాలకులు తోసిపుచ్చుతున్న జన్యుశాస్త్రాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. విద్రోహం, గూఢచర్యం అనే ఆరోపణలపై 1940 ఆగస్టులో ఆయనను అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరతోవ్ జైలులో తిండిలేక క్షీణించి మరణించారు. మనుషుల ఆకలి తీర్చాలని జీవితమంతా శ్రమించిన వ్యక్తికి ఆ చావు రావడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనల ముట్టడిలో చిక్కిన లెనిన్‌గ్రాడ్‌లో ఆయన సహచరులు కొందరు, చేతికందే దూరంలో ఉన్న విత్తనాలను ముట్టకుండానే ఆకలితో ప్రాణాలు వదిలారు.

1948 ఆగస్టులో వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశంలో, జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చే తన నివేదికను కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ పరిశీలించి ఆమోదించిందని, స్టాలిన్ అండ ఉన్న వ్యవసాయ శాస్త్రవేత్త ట్రోఫిమ్ లైసెంకో ప్రకటించారు. ప్రయోగశాల తేల్చవలసిన విషయాన్ని కమిటీ తేల్చేసింది. కొందరు శాస్త్రవేత్తలు ఆ వేదిక మీదే తమ అభిప్రాయాలు తప్పని చెప్పుకోవలసి వచ్చింది (వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు), మరెందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ప్రశ్నించే అలవాటు పోయిన చోట తప్పును తప్పని చెప్పేవారే ఉండరు. అందుకే లైసెంకో పెత్తనం 1960ల మధ్య వరకూ సాగింది.

మన పిల్లలు జన్యుశాస్త్రానికి పునాది అయిన మెండెల్ నియమాలను వల్లె వేస్తారు. ఆ శాస్త్రం కోసం ఒక మనిషి జైలులో మరణించాడన్న సంగతికి కూడా అదే పాఠంలో ఒక పేజీ కేటాయించాలని పాఠ్యపుస్తక రచయితలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు