2025–26 వార్షిక నివేదిక: మనం తయారు చేసుకున్న సీసాల కడుగు యంత్రం, ఇతర పనులు

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కమ్యూనిటీ హాలు నోటీసు బోర్డులో పెట్టాం. ఎవరైనా చూసుకోవచ్చు, అడగవచ్చు. అందుకే ఆ వివరాలు మళ్లీ ఇక్కడ రాయడం లేదు. ఏటా జరిగే పనులను రెండు మాటల్లో ముగించి, ఈ ఏడు కొత్తగా చేసిన ఒక పని గురించి విడమరిచి చెబుతాను. వచ్చే మామిడి సీజన్‌లో దాన్ని నడపాల్సింది సభ్యులే కాబట్టి, ఎలా పనిచేస్తుందో అందరికీ తెలియాలి.

గంగమ్మ జాతర రోజుల్లో ఎప్పటిలాగే మజ్జిగ, అంబలి పంచాం. వేసవి చలివేంద్రం నడిచింది. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. మన తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచే కాబట్టి, అంతకుముందే కాలువల్లో పూడిక తీయించాం. 2021 నవంబరు వరద చూశాక ఈ పనిని ఏ కమిటీ వాయిదా వేయలేదు, ఇకముందూ వేయకూడదు. వీధి దీపాల అర్జీలు నడుస్తున్నాయి.

సీసాల అవసరం ఎందుకొచ్చింది

2025లో తోతాపురి ధర ఎంత పడిపోయిందో మీకందరికీ తెలుసు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని నిర్ణయించిన ఏడాది అది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. మన సభ్యుల్లో పాకాల, బంగారుపాళ్యం వైపు తోటలున్న కుటుంబాలు ఉన్నాయి. కాయ చెట్టు కిందే మాగిపోతుంటే వాళ్లు పడిన బాధ మనకు దూరంది కాదు. మహిళా విభాగం వాళ్లు ఆ కాయ కొని, నీళ్లు కలుపుకుని తాగే చిక్కటి స్క్వాష్ చేసి సభ్యుల ఇళ్లకు ఇద్దామన్నారు. దాంతోపాటు నన్నారి షర్బత్, నిమ్మ షర్బత్ కూడా చేశారు. రుచి గురించి నేను చెప్పనక్కర్లేదు, తాగినవాళ్లే చెబుతున్నారు.

స్క్వాష్ చేయడం వాళ్లకు కష్టం కాలేదు. కష్టమంతా సీసాల దగ్గరే వచ్చింది. ప్లాస్టిక్ వద్దని మొదటే అనుకున్నాం. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేసి గాజు సీసాలు వాడుతున్నప్పుడు, కొండ కింద ఉన్న మనం ఆ మాత్రం చేయలేమా అన్నది అందరి అభిప్రాయం. ఇంటింటికీ అడిగితే జ్యూస్ సీసాలు, తేనె సీసాలు, సాస్ సీసాలు బస్తాల కొద్దీ వచ్చాయి. వాటిని కడగడానికి కూర్చున్న ఆడవాళ్ల చేతులు బట్టల సోడా కలిపిన నీళ్లకు పగిలిపోయాయి. సన్న మూతి సీసాలోకి బ్రష్ దూరినా అడుగు అంచును తాకదు. పైగా కొళాయి కింద ఒక్కో సీసా తిప్పి తిప్పి కడిగితే ఎన్ని నీళ్లు పోతాయో, ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధుల్లో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

యంత్రం ఆలోచన ఎక్కడిది

మన సంఘంలో ఐటీఐ చదువుతున్న పిల్లలు దీనికి దారి చూపారు. విదేశాల్లో ఇంట్లోనే బీరు కాచుకునేవాళ్లు బకెట్, పంపు, నాలుగు పైపులతో సీసాలు కడిగే పరికరం సొంతంగా చేసుకుంటారట. బ్రిటన్‌లో 1963 నుంచి లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేసుకోవచ్చు. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో ఆ వీలు వచ్చింది. అప్పటి నుంచి అక్కడ అదొక పెద్ద హాబీ అయింది, దానికి తగ్గ పరికరాలూ పుట్టాయి.

మన దగ్గర ఆ సంగతి వేరు. 1968 నాటి రాష్ట్ర ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బీరు గానీ, సారా గానీ తయారు చేయడం నేరం. కొందరు పెద్దలు సర్వసభ్య సమావేశంలో దీని గురించే ఆందోళన పడ్డారు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. మనం తీసుకున్నది సీసా కడిగే పద్ధతిని మాత్రమే. ఖాళీ మద్యం సీసాలు కూడా తీసుకోవద్దని కమిటీ తీర్మానించింది. ఎంత శుభ్రంగా కడిగినా, వెంకన్న పాదాల దగ్గర ఉన్న మన ఊళ్లో ఆ సీసాలో షర్బత్ పోసి ఒకరి ఇంటికి పంపడం మర్యాద అనిపించుకోదు.

అయితే ఆ బీరు కాచేవాళ్ల జాగ్రత్త ఒకటి మనం నేర్చుకోదగ్గది. ముందు కడగాలి, తర్వాతే క్రిములు చంపాలి. ఈ రెండూ వేరు వేరు పనులు. సీసా గోడకు పాత జిగురు పొర అంటుకుని ఉంటే, పైన ఎంత వేడి నీళ్లు పోసినా ఆ పొర చాటున పులియబెట్టే క్రిమి, అంటే ఈస్టు, బతికి ఉండవచ్చు. వాళ్లకు తాము వేసిన ఈస్టు తప్ప మరొకటి చేరితే బీరు పాడవుతుంది. మనకైతే ఏ ఈస్టూ పనికిరాదు. మామిడి స్క్వాష్‌లో చక్కెర దండిగా ఉంటుంది. ఈస్టు ఒకసారి చేరిందంటే పులిసి, గ్యాస్ పుట్టి, మూత ఎగిరిపోవచ్చు, సీసా పగలనూ వచ్చు. పిల్లలున్న ఇంట్లో గాజు పగలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఈ యంత్రానికి ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి అసలు కారణం ఇదే.

ఎలా చేశాం

అడుగున మూతతో కూడిన పెద్ద టబ్బు, అందులో సోడా నీళ్లు. పక్కన చిన్న పంపు. పంపు నుంచి మూత మీదికి సీపీవీసీ పైపు, దాని మీద నిలువుగా ఆరు సన్న స్టీలు గొట్టాలు. ఒక్కో గొట్టం మీద ఒక సీసాను తలకిందులుగా బోర్లిస్తాం. నీళ్లు గొట్టం కొసన ఉన్న రంధ్రంలోంచి చిమ్మి సీసా అడుగుకు తగిలి, గోడల వెంట పొరలా జారి, మూతిలోంచి టబ్బులోకే పడతాయి. పంపు మళ్లీ వాటినే తోడుతుంది. అవే నీళ్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఖర్చయ్యేది చాలా తక్కువ.

చూడటానికి ఇంతే. కానీ ఒక్కో భాగం వెనక ఒక కారణం ఉంది.

గొట్టం లావుగా ఉండకూడదు. సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 18 మిల్లీమీటర్లు ఉంటే, గొట్టం 8 మిల్లీమీటర్లది పెట్టాం. మిగిలిన సందులోంచి కడిగిన నీళ్లు కిందికి రావాలి, గాలి పైకి పోవాలి. గొట్టం లావైతే నీళ్లు దిగలేక సీసా నిండిపోతుంది. అప్పుడు చిమ్మే నీళ్లు ఆ నీళ్లలోనే మునిగి, వాటి బలం అడుగు దాకా అందదు. సీసా కడిగినట్టే ఉంటుంది కానీ అడుగున మురికి అలాగే ఉంటుంది.

రంధ్రాల లెక్క కూడా అలాంటిదే. ఒక్కో రంధ్రం 4 మిల్లీమీటర్లు. ఆరింటి విస్తీర్ణం కలిపితే 75 చదరపు మిల్లీమీటర్లు. వాటికి నీళ్లిచ్చే ముప్పావు అంగుళం పైపు లోపలి విస్తీర్ణం 250 దాటి ఉంటుంది. పైపులో చోటు ఎక్కువ, బయటికి దారి తక్కువ కాబట్టి మొదటి సీసాకూ చివరి సీసాకూ దాదాపు ఒకే బలంతో నీళ్లు అందుతాయి. తోటలో డ్రిప్ వేసినవాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. నిజానికి ఈ కొలతలు సరిచూసింది డ్రిప్ పని తెలిసిన మన రైతు సభ్యుడే. పంపు తర్వాత పెట్టిన జాలీ ఫిల్టరు కూడా డ్రిప్ సామాన్లలోదే. సీసాల నుంచి ఊడిన లేబుల్ కాగితం ముక్కలు రంధ్రాల్లో ఇరుక్కోకుండా అది పట్టేస్తుంది.

పైపు మామూలు పీవీసీ ఎందుకు వాడలేదని కొందరు అడిగారు. వేడి నీళ్లకు పీవీసీ మెత్తబడుతుంది, సీపీవీసీ తట్టుకుంటుంది. ధర ఎక్కువే, అయినా అదే కొన్నాం. అతికించిన తర్వాత జిగురు వాసన పూర్తిగా పోయేదాకా ఆరనిచ్చి, మంచి నీళ్లు పలుమార్లు తిప్పి పారబోశాకే సీసాలు పెట్టాం. కూలర్ పంపుతో చౌకలో అయిపోతుందన్న సూచన కూడా వచ్చింది. అది నీటిని కాస్త ఎత్తుకు పంపగలదు కానీ ఆరు గొట్టాల్లో ఒకేసారి చిమ్మేంత ఒత్తిడి ఇవ్వలేదు. నీళ్లలో ముంచే పంపుల్లో కొన్నింటి లోపల నూనె ఉంటుంది, సీలు పాడైతే ఆ నూనె నీళ్లలో కలుస్తుంది. తినే తాగే వస్తువుకు సంబంధించిన పనిలో ఆ రిస్క్ వద్దని టబ్బు బయట ఉండే పంపునే ఎంచుకున్నాం.

కరెంటు విషయంలో రాజీ పడలేదు. తడి నేల మీద నడిచే యంత్రం ఇది. సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి, నీళ్లు చిందనంత దూరంలో గోడకు స్విచ్చి ఉన్నాయి. నడిపేవాళ్లు చెప్పులు, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి చూడకుండా ఎవరూ పంపు వేయకూడదు.

కడిగే తీరు

సీసాలను ముందు రోజు సోడా నీళ్లలో నానబెట్టాలి. లేబుళ్లు వాటంతట అవే ఊడతాయి. యంత్రంలో లీటరు గోరువెచ్చని నీళ్లకు 10 గ్రాముల చొప్పున బట్టల సోడా చాలు. సబ్బు పొడి, గిన్నెలు తోమే లిక్విడ్ అసలు వాడవద్దు. అవే నీళ్లు తిరిగే చోట నురుగు పొంగి, పంపులోకి గాలి చేరి నీళ్లు రావడం ఆగిపోతుంది. కాస్టిక్ సోడా బాగా పనిచేస్తుంది, ఫ్యాక్టరీల్లో వాడేది అదే. కానీ అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. స్వచ్ఛందంగా వచ్చి పనిచేసే సభ్యుల చేతికి దాన్ని ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోలేదు.

మన బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. వాటిలోని కాల్షియం సోడాతో కలిసి తెల్లటి పొరలా సీసాకు పడుతుంది. అది మురికి కాదు గానీ చూసినవాళ్లకు మురికిలాగే ఉంటుంది. అందుకే కొద్దిగా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు ఒక విడత తిప్పి, ఆఖరి కడుగు మున్సిపల్ నీళ్లతో చేస్తున్నాం. ఆ ఆఖరి కడుగు నీళ్లు మాత్రం యంత్రంలో మళ్లీ తిప్పం, నేరుగా బకెట్‌లో పడతాయి. వాటిని తర్వాతి విడత సీసాల మొదటి కడుగుకు ఉంచుతాం. సోడా నీళ్లు మొక్కలకు పోయకండి, సోడియం వల్ల మట్టి గట్టిపడిపోతుంది. ఒక హెచ్చరిక: నిమ్మ ఉప్పు వాడే చోటికి బ్లీచింగ్ పౌడర్ రానివ్వకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఒకప్పుడు గోలీ సోడా అంగడి నడిపిన మన పెద్దాయన ఒకరు రోజూ వచ్చి పక్కనే కూర్చునేవారు. కడిగిన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, "అడుగు అంచు చూడు నాయనా, మూత మరల కింద చూడు. మురికి దాక్కునేది ఆడనే" అని పిల్లలకు చూపించారు. ఇప్పుడు ప్రతి సీసాకూ ఆ రెండు చోట్లా తనిఖీ తప్పనిసరి చేశాం. మూతి అంచు చిట్లిన సీసా, లోపల గీత ఉన్న సీసా పక్కన పెట్టేస్తున్నాం.

తర్వాతే క్రిముల సంగతి. పెద్ద గంగాళంలో అడుగున గుడ్డ పరిచి, సీసాలను చల్లటి నీళ్లలోనే పెట్టి మెల్లగా కాచి, మరిగాక 10 నిమిషాలు ఉంచుతాం. గాజుకు ఒక్కసారిగా 40 డిగ్రీల తేడా తగిలినా పగిలే ప్రమాదం ఉంది. అందుకే చల్లటి సీసాలో వేడి షర్బత్ పోయకూడదు, వేడి సీసాను తడి గచ్చు మీద పెట్టకూడదు. స్క్వాష్ విషయంలో పండు 25 శాతానికి తగ్గకుండా, చక్కెరతో కలిపి కరిగిన పదార్థం 40 శాతానికి తగ్గకుండా చూస్తున్నాం. స్క్వాష్ పాడవకుండా వేసే పొటాషియం మెటాబైసల్ఫైట్ కిలోకు అర గ్రాము దాటనివ్వడం లేదు. దాన్ని ఎవరూ చేత్తో చిటికెడు వేయకుండా, చిన్న త్రాసు కొని వంటగదిలోనే ఉంచాం.

ఇప్పటిదాకా సభ్యుల మధ్యే పంచుకున్నాం. బయట అమ్మాలన్న కోరిక మహిళా విభాగంలో బలంగా ఉంది. నా అభిప్రాయం కూడా అదే. ఆ పని చేసినవాళ్లకు నాలుగు రూపాయలు రావాలి. అయితే ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకూడదు. దరఖాస్తుకు కావలసిన కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఈ తీర్మానం సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది, దయచేసి అందరూ వచ్చి మాట్లాడండి.

వచ్చే సీజన్‌కు

యంత్రం తాళం మహిళా విభాగం దగ్గర ఉంటుంది. నడపడం నేర్చుకోదలచినవారు ఆదివారం ఉదయం హాలుకు రావచ్చు. వాడిన ప్రతిసారీ మంచి నీళ్లు తిప్పి, జాలీ ఫిల్టరు విప్పి కడిగి, టబ్బు బోర్లించి ఆరబెట్టాలి. నిల్వ నీళ్లలో దోమలు చేరితే మనమే డెంగ్యూను పిలిచినట్టవుతుంది. జ్యూస్, తేనె, సాస్ సీసాలు మూతలతో సహా హాలు దగ్గరి బస్తాలో వేయండి. ఫినాయిల్, కిరోసిన్, పురుగుమందు, యాసిడ్ ఒక్కసారి పోసిన సీసాను కూడా ఇవ్వకండి, దాన్ని ఏ కడుగూ బాగుచేయలేదు. సీసాలో ఏముండేదో మీకే గుర్తు లేకపోతే అది కూడా వద్దు.

ఇట్లు,
కార్యదర్శి