పాత కంప్యూటర్‌కు ప్లగ్గు పెట్టే ముందు మీటర్ పెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత హోమ్ కంప్యూటర్ ఒకటి చేతికి దొరికితే చాలామంది చేసే మొదటి పని, దగ్గరున్న ఏదో ఒక 9 వోల్టుల అడాప్టర్ తగిలించి పనిచేస్తుందేమో చూడటం. నలభై ఏళ్లు భద్రంగా ఉన్న యంత్రం ఆ ఒక్క క్షణంలో కాలిపోతుంది. 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్ ఈ విషయంలో మరీ సున్నితం. అది ఉన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ అడిగే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అవే కనుక, జవాబులు మీ పత్రిక ద్వారా అందరికీ చేరాలని రాస్తున్నాను.

స్పెక్ట్రమ్‌కు పెట్టే ప్లగ్గులో లోపలి రంధ్రం నెగటివ్, బయటి గొట్టం పాజిటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లు ఎక్కువగా దీనికి తిరగేసి ఉంటాయి. సైజు సరిపోతుంది, లేబుల్ మీద 9 వోల్టులనే ఉంటుంది, దూర్చేస్తారు. తిరగబడిన కరెంటును అడ్డుకునే డయోడ్ బోర్డు మీద లేదు. చిన్న కాయిల్ ఒకటి, టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ కలిసి ఆ 9 వోల్టుల నుంచే 12 వోల్టులూ మైనస్ 5 వోల్టులూ తయారుచేస్తాయి. మొదటి 16 కిలోబైట్ల మెమరీ ఉండే ఎనిమిది 4116 చిప్‌లకు ఈ రెండూ కావాలి, మామూలు 5 వోల్టులూ కావాలి. 12 వోల్టులు ఉండి మైనస్ 5 అందకపోతే చిప్‌లు కాలిపోతాయి. కాబట్టి తిరగబడిన కరెంటుకు కాలిన ట్రాన్సిస్టర్ ఒక్కటీ మార్చేసి పని అయిపోయిందనుకోవద్దు. 4116 చిప్‌లో 1వ పిన్ను మైనస్ 5, 8వ పిన్ను 12, 9వ పిన్ను 5, 16వ పిన్ను గ్రౌండ్. గ్రౌండ్‌తో పోల్చి కొలిస్తే ఈ మూడు వోల్టేజీలూ సరిగ్గా చూపిస్తేనే ముందుకు వెళ్లాలి. ప్రోబ్ జారి పక్కపక్క పిన్నులు కలిస్తే మంచి చిప్ కూడా పోతుంది. ప్రోబ్ కొన రెండు మిల్లీమీటర్లు మాత్రమే కనిపించేలా మిగతా లోహానికి టేపు చుట్టుకోండి.

అడాప్టర్ కొలవడానికి నిమిషం చాలు. మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబ్ బయటి గొట్టానికి, నల్ల ప్రోబ్ లోపలికి ఆనించండి. మైనస్ గుర్తు లేకుండా అంకె రావాలి. అసలు అడాప్టర్ అయితే ఏమీ తగిలించకుండా కొలిచినప్పుడు 12, 13 వోల్టులు చూపించవచ్చు. అది వోల్టులను స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ లేని రకం, లోడ్ పడగానే దిగుతుంది. పాడైందనుకుని పారేయకండి. కొత్తది కొంటే 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లకు తగ్గకుండా, మధ్యలో నెగటివ్ అని చూసి కొనండి. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. వోల్టులు పెరిగితే మాత్రం లోపలి 7805 రెగ్యులేటర్ ఆ మిగులంతా వేడిగా మార్చాల్సి వస్తుంది.

కమొడోర్ 64 అనే మరో పాత హోమ్ కంప్యూటర్ వాడేవారికి ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. దాని అడాప్టర్ లోపలి రెగ్యులేటర్ చెడితే 5 వోల్టుల లైను పైకి ఎగబాకి నేరుగా మెమరీ చిప్‌లను కాలుస్తుంది. దాని గుండ్రటి డిన్ ప్లగ్గులో 5వ పిన్నుకూ 2వ పిన్నుకూ మధ్య కొలవండి. 5.25 దాటితే ఆ అడాప్టర్ వాడకూడదు. వేడెక్కాక తప్పు చూపించేవి కూడా ఉంటాయి కనుక అరగంట ఆగి మళ్లీ కొలవాలి. నా అభిప్రాయంలో అసలు అడాప్టర్‌ను గుర్తుగా దాచుకుని, కొత్తగా తయారైనది వాడటమే మంచిది.

మళ్లీ స్పెక్ట్రమ్‌కు వస్తాను. దీనికి స్విచ్ లేదు, ప్లగ్గు తీయడమే ఆపడం. వెనక కనెక్టర్‌కు జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ వంటివి తగిలించేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు ఉండకూడదు. అక్కడ 5 వోల్టుల, 9 వోల్టుల పట్టీలు పక్కపక్కనే ఉన్నాయి, కాస్త కదిలినా కలిసిపోతాయి.

బొమ్మ రాకపోతే ముందు టీవీని అనుమానించండి. స్పెక్ట్రమ్ సిగ్నల్ యూహెచ్‌ఎఫ్ 36వ చానల్ దగ్గర వస్తుంది, అనలాగ్ ట్యూనర్ లేని టీవీ దాన్ని పట్టుకోలేదు. మాడ్యులేటర్‌కు (బొమ్మను ఆ చానల్ సిగ్నల్‌గా మార్చే పెట్టెకు) వెళ్లే రెండు వైర్లు విప్పి, వీడియో వైరును 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా స్పెక్ట్రమ్‌కున్న టీవీ సాకెట్ మధ్య పిన్నుకు కలిపితే కాంపోజిట్ వీడియో (టీవీ వీడియో ఇన్‌పుట్‌కు నేరుగా ఇచ్చే సిగ్నల్) వస్తుంది. కెపాసిటర్ పాజిటివ్ కాలు బోర్డు వైపు ఉండాలి. ముందుగా ఆ మధ్య పిన్నును లోపలి సర్క్యూట్ నుంచి విడదీయాలి. రెండో వైరులో 5 వోల్టులు ఉంటాయి, దాని కొనకు స్లీవ్ తొడగండి. టీవీలో శబ్దం రాలేదని కంగారు పడకండి, 48కె (48 కిలోబైట్ల మెమరీ) మోడల్‌లో శబ్దం లోపలి స్పీకర్ నుంచే వస్తుంది.

ఆన్ చేసిన ఒకటి రెండు సెకన్లలో కింద 1982 కాపీరైట్ వాక్యం రావాలి. దాని బదులు నిలువు చారలో రంగు గళ్లో నిలిచిపోతే మొదటి 16 కిలోబైట్ల మెమరీనో దాని సప్లైనో చూడాలి. తెరపై బొమ్మ ఉండేది ఆ మెమరీలోనే కాబట్టి చిప్ తప్పు అలా కళ్లకు కనిపిస్తుంది. పై 32 కిలోబైట్లలో తప్పుంటే యంత్రం మామూలుగానే లేస్తుంది, అందుకే కొనేవాళ్లు మోసపోతారు. ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. పీక్ కోసం క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ కలిపి నొక్కి, వదిలి, ఓ నొక్కాలి. 65535 వస్తే 48కె మొత్తం ఉన్నట్టు. 32767 వస్తే 16కె మాత్రమే పనిచేస్తోంది. అమ్మేవారు "ఆన్ చేసి చూడలేదు" అంటే ఊరుకోకండి, ఈ అంకె కనిపించే ఫొటో అడగండి. నిజాయితీగా అమ్మేవారికి అది ఇబ్బందేమీ కాదు.

కొన్ని కీలు పనిచేయకపోతే ఏవి పోయాయో చూస్తేనే కారణం సగం తెలుస్తుంది. 1 నుంచి 5 వరకో, క్యూ నుంచి టీ వరకో ఐదు కీలు ఒకేసారి పోతే కీబోర్డును బోర్డుకు కలిపే ఎనిమిది గీతల రిబ్బన్‌లో ఒక గీత తెగింది. 1, క్యూ, ఏ, క్యాప్స్ షిఫ్ట్, 0, పీ, ఎంటర్, స్పేస్ ఇలా ఎనిమిది పోతే ఐదు గీతల రిబ్బన్ సంగతి. ప్లాస్టిక్ ఎండి కనెక్టర్ దగ్గరే చిట్లుతుంది. కొన కొద్దిగా కత్తిరించి మళ్లీ దూర్చవచ్చు కానీ అది ఎన్నాళ్లో ఆగదు. కొత్త మెంబ్రేన్‌లు (కీల కింద ఉండే, రిబ్బన్లతో కూడిన ప్లాస్టిక్ పొరలు) ఇప్పటికీ తయారవుతున్నాయి, అది వేయడమే నయం. పైకవర్ ఎత్తేటప్పుడు నెమ్మదిగా ఎత్తండి, రిబ్బన్లు పొట్టివి.

అందరూ విసిగిపోయేది క్యాసెట్ దగ్గర. జె నొక్కితే లోడ్ వస్తుంది, సింబల్ షిఫ్ట్ పట్టుకుని పీ రెండుసార్లు, ఎంటర్, తర్వాత ప్లే. బోర్డర్‌లో ఎరుపు, లేత నీలం వెడల్పు చారలు ఐదు సెకన్ల పాటు వచ్చి, తర్వాత నీలం, పసుపు సన్నని చారలు రావాలి. చారలే లేకుండా ఎరుపూ లేత నీలమూ నిదానంగా మారుతుంటే సిగ్నల్ అందడం లేదు, వాల్యూమ్ పెంచి వైరు చూడండి. చారలు వచ్చి మధ్యలో "ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్" అంటే వాల్యూమ్ ఎక్కువో తక్కువో, లేకపోతే టేపును చదివే హెడ్ వాలు తప్పిందో. వాల్యూమ్ మూడు వంతుల దగ్గర మొదలుపెట్టి, బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి, డాల్బీ ఆపేయండి. అప్పటికీ కుదరకపోతే టేపు ప్లే అవుతుండగా హెడ్ పక్కనున్న స్క్రూను చాలా కొద్దిగా తిప్పుతూ, శబ్దం అన్నిటికన్నా పదునుగా వినిపించే చోట ఆపండి. తిప్పే ముందు స్క్రూ ఉన్న స్థానాన్ని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. రికార్డు చేసిన మెషీన్ వేరు, మీది వేరు, అందుకే ఒక టేపుకు సరిపోయినది ఇంకోదానికి సరిపోదు. ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మరవద్దు.

సేవ్ చేసేటప్పుడు ఇయర్ వైరు (టేపు నుంచి కంప్యూటర్‌కు వచ్చేది) తీసేసి మైక్ వైరు (కంప్యూటర్ నుంచి టేపుకు వెళ్లేది) మాత్రమే ఉంచండి. రెండూ ఉంటే శబ్దం తిరిగి లోపలికి వచ్చి రికార్డింగ్ చెడుతుంది. తర్వాత ఇయర్ వైరు పెట్టి వెరిఫై (టేపును మెమరీతో పోల్చి చూడటం) చేస్తే గానీ ప్రోగ్రామ్ టేపు మీదకు ఎక్కిందని నమ్మకూడదు. మీ దగ్గర సొంతంగా రాసిన ప్రోగ్రాములున్న టేపులుంటే ఆటలకన్నా ముందు వాటిని కాపీ చేయండి, వాటికి ఇంకెక్కడా నకలు ఉండదు. కాపీ చేసేటప్పుడు 44,100 హెర్ట్జ్, మోనో, వేవ్ ఫైలు పెట్టుకోండి. ఎంపీ3 వద్దు, నాయిస్ రిడక్షన్ అసలే వద్దు. ఒక్కో టేపును రెండుసార్లు రికార్డు చేసి పెట్టుకుంటే, ఒకదానిలో సిగ్నల్ పడిపోయిన చోటు రెండోదానిలో దొరకవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు