ముక్కు ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చాను. ఆ నైట్ డ్యూటీ సిస్టర్ గారికి దండాలు

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు. ముక్కు ఇంకా దిబ్బడగానే ఉంది, కళ్ల కింద వాపు, పడుకుందామంటే నిద్ర పట్టట్లేదు. మెసేజ్‌లు పెట్టిన వాళ్లందరికీ విడివిడిగా జవాబిచ్చే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆపరేషన్ బాగా జరిగింది. కుడి చెంప ఎముక లోపలి సైనస్‌లో (గాలి ఉండే బోలు గదిలో) పేరుకున్న చీమంతా తీసేశారు, పనిలో పనిగా ముక్కు మధ్య అడ్డుగోడ వంకర సరిచేశారు. ఇంత రచ్చకీ కారణమైన పై దవడ పన్ను కూడా పీకేశారు.

మా ఆవిడ, అన్నయ్య, పిల్లలు అంతా చూసుకున్నారు. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతారు. డాక్టర్ గారికి నమస్కారాలు. కానీ ఈ ఒంట్లో బాగోని టైంలో ఫోన్ పట్టుకుని కూర్చున్నది మాత్రం ఆ రాత్రి వార్డులో ఉన్న సిస్టర్ గారి కోసం. శ్రీకాకుళం వైపు మనిషి. పేరు రాయొద్దన్నారు, రాయను.

రక్తం కారకుండా ముక్కు రెండు వైపులా ప్యాకింగ్ కుక్కుతారు. నోటితోనే గాలి పీల్చుకోవాలని ముందే చెప్పారు. వినడం వేరు, పడటం వేరు. మత్తు దిగాక గుటక వేస్తే చెవులు బిగుసుకుపోతున్నాయి, నాలుక అంగిలికి అతుక్కుపోతోంది. కన్ను మూతపడగానే ఊపిరి ఆగినట్టనిపించి ఉలిక్కిపడి లేస్తున్నా. మా ఆవిడ అలసిపోయి కుర్చీలోనే నిద్రపోయింది. బెల్ నొక్కాలంటే మొహమాటం. ఇవాళ్టితో అయిపోయాననే అనుకున్నా.

పిలవకుండానే వచ్చారు సిస్టర్ గారు. గాజుగుడ్డ ముక్క నీళ్లలో తడిపి, పిండి, నా పెదాల మీద పరిచారు. "దీని మీంచి గాలి రానీయండి అన్నయ్యా, తడి పట్టి వెళ్తాది లోపలికి" అన్నారు. అది ఆరిపోయినప్పుడల్లా వచ్చి మళ్లీ తడిపారు. మామూలుగా ఈ పని ముక్కే చేస్తుందట. లోపల పక్క గోడలకి మూడేసి మడతలుంటాయి, వాటి నిండా రక్తనాళాలు. బయటి గాలి గొంతు దాకా వచ్చేసరికి దాదాపు ఒంటి వేడికి వస్తుంది, తేమా పడుతుంది. "ఆ ముక్కు ఇవాళ సెలవులో ఉంది, అందుకే నోరు ఎండుతాంది. ఊపిరైతే ఆగదు" అన్నారు. ఆ ఒక్క మాటతో టెన్షన్ సగం దిగింది.

అసలు పంటి చీము ముక్కులోకి ఎలా వచ్చిందని ఫోన్‌లో టైప్ చేసి చూపించాను. డ్రిప్ మారుస్తూనే తన ముఖం మీద వేలు పెట్టి చూపించారు. సైనస్‌లు నాలుగు జతలు. నుదుట్లో, కళ్ల మధ్య, వాటి వెనక బాగా లోతుగా, చెంపల్లో. చెంపలోవే అన్నిటికంటే పెద్దవి. వాటి అడుగు ఎముక పలచన, వెనక పళ్ల వేళ్లు దానికి ఆనుకునే ఉంటాయి. బయటికి దారి మాత్రం అడుగున కాదు, పైన. "తూము నేల మీద పెట్టకుండా అటక దగ్గర పెట్టీసినాడు అన్నయ్యా దేవుడు" అన్నారు. లోపలి పొర మీద కంటికి కనపడని నూగు ఉంటుంది, చీమిడిని పైకి, ఆ దారి వైపే నెడుతూ ఉంటుంది. నా పంటి వేరు చీము పట్టి అడుగు నుంచి లోపలికెక్కింది, పొర వాచింది, దారి మూసుకుపోయింది.

అటక మాటకి నవ్వొచ్చింది. వెంటనే ఎందుకో ఏడుపొచ్చింది. కన్నీళ్లు కొంత ముక్కులోకే దిగాలి కదా, ఆ గొట్టం తెరుచుకునేది అక్కడే. ప్యాకింగ్ అడ్డం. మొత్తం చెంపల మీదే కారాయి. ఇంకో గాజుగుడ్డ తీసి తుడిచి, "ఏడిస్తే ఇంకా బిగుసుకుపోద్ది" అని కసిరి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయారు. వార్డు మొత్తానికి ఆ రాత్రి ఆవిడ ఒక్కరే. ఒక్క మనిషి మీద అంతమంది రోగుల్ని వదిలేయడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

న్యాయం అంటే గుర్తొచ్చింది. ఒక్క కుడి వైపే దుర్వాసన, వంగితే ఒక్క కుడి చెంపే బరువు. ముక్కు డాక్టర్ల దగ్గర అలర్జీ మాత్రలు, పంటి డాక్టర్ల దగ్గర "పన్ను బాగానే ఉంది". స్కాన్ తీస్తే ఎడమ చెంప గాలితో నల్లగా, కుడిది నిండా బూడిద రంగు. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు సైనస్‌కి డబ్బులిస్తారట, పన్నుకి ఇవ్వరట, అది దంత వైద్యమట! అది పీకకుండా ఇది తగ్గదు మహాప్రభో. 1651లోనే నథానియల్ హైమోర్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఈ చెంప సైనస్ గురించి రాశాడు. పన్ను పీకించుకున్న ఒకావిడ ఆ రంధ్రంలోంచి ఈక దూర్చి చూసుకుని, అంత లోతుకి పోయేసరికి హడలిపోయిందట. అప్పటి వాళ్లకి తెలిసింది ఈ కంపెనీకి తెలియదు. ఫిర్యాదు పెట్టాను. 30 రోజుల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్తా.

అయ్యో, మర్చిపోయా. పక్క బెడ్ బాబాయి గారూ, మీ ఛార్జర్ పొరపాటున మా బ్యాగులో వచ్చేసింది, పంపిస్తా. క్యాంటీన్‌లో అడక్కుండానే జావ చల్లార్చి ఇచ్చిన తమ్ముడికి, గోతులు చూసి మెల్లగా నడిపిన ఆటో అన్నకి, నా క్లాసులు తీసుకున్న మా లెక్కల మేడమ్‌కి థాంక్స్. స్కాన్ ఫిల్మ్ కోసం రెండోసారి మెట్లెక్కిన కుర్రాడికి కూడా. ఫోన్లు మాత్రం ఇప్పుడే చేయకండి. చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, మాట్లాడితే మళ్లీ నోరెండుతోంది.